వేప్‌లోని నికోటిన్‌ను సిగరెట్ల నికోటిన్‌తో సరిపోల్చి లెక్క కట్టడం ఎలా?

సిగరెట్లు మాని వేపింగ్‌కు (ఈ-సిగరెట్, అంటే వేప్‌తో నికోటిన్ ద్రవాన్ని ఆవిరిగా పీల్చడానికి) మారినవారికీ, ఇంకా రెండింటి మధ్య ఊగుతున్నవారికీ ఒక సందేహం తప్పకుండా వస్తుంది. ఇప్పుడు ఒంట్లోకి వెళ్తున్న నికోటిన్ మునుపటికంటే పెరిగిందా, తగ్గిందా అన్నదే ఆ సందేహం. దీనికి జవాబు వెతుకుతూ చాలామంది వేప్ సీసా మీది అంకెను సిగరెట్‌లో ఉంటుందని ఎక్కడో విన్న అంకె పక్కన పెట్టి చూస్తారు. ఆ పోలిక దాదాపు ఎప్పుడూ తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఆ రెండు అంకెలూ ఒకే విషయాన్ని చెప్పవు. భారతదేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్లు నిషిద్ధం కనుక ఇక్కడి వేపింగ్ ఉదాహరణలన్నీ బ్రిటన్, ఐరోపా, అమెరికాలకు చెందినవి. చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లి సిగరెట్ నుంచి వేప్‌కు మారిన తెలుగువారిని దృష్టిలో ఉంచుకుని రాసినవి. స్వదేశంలో ఉండి పొగ మానాలనుకునేవారికి పనికొచ్చే లెక్క కూడా చివర్లో ఉంది.

లెక్కలోకి దిగే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నికోటిన్‌ను పోల్చడం వేరు, హానిని పోల్చడం వేరు. సిగరెట్ వల్ల వచ్చే క్యాన్సర్లకూ, ఊపిరితిత్తుల జబ్బులకూ, గుండెజబ్బులకూ ప్రధాన కారణం పొగాకు కాలడం వల్ల పుట్టే తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇతర విషపదార్థాలు. నికోటిన్ చేసే పని ప్రధానంగా మనిషిని ఆ అలవాటుకు కట్టిపడేయడం. అలాగని అది నిరపాయకరమైనదేమీ కాదు. గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచుతుంది, గర్భంలోని శిశువుకూ ఎదిగే వయసు పిల్లల మెదడుకూ చేటు చేస్తుంది. ఇంతవరకు పొగ ముట్టనివారు వేప్ మొదలుపెట్టడానికి ఈ లెక్కల్లో ఏదీ కారణం కాజాలదు. ఇది ఇప్పటికే నికోటిన్‌కు అలవాటుపడి, తాము ఎక్కడ నిలబడి ఉన్నామో తెలుసుకుని, అక్కడి నుంచి కిందికి దిగాలనుకునేవారి కోసం.

సిగరెట్ వైపు లెక్క

ఒక మామూలు సిగరెట్‌లోని పొగాకులో సుమారు 10 నుంచి 14 మిల్లీగ్రాముల నికోటిన్ ఉంటుంది. తాగేవారి రక్తంలోకి చేరేది మాత్రం సగటున 1 నుంచి 1.5 మిల్లీగ్రాములే. మిగిలిన దానిలో కొంత మంటలో నశిస్తుంది. దమ్ముకూ దమ్ముకూ మధ్య సిగరెట్ ఊరికే కాలుతున్నప్పుడు కొస నుంచి లేచే పొగతో చాలా భాగం గాలిలో కలుస్తుంది. ఇంకొంత ఫిల్టర్‌లోనూ, పారేసే పీకలోనూ ఉండిపోతుంది. కాబట్టి సిగరెట్ వైపు మీరు పట్టుకోవలసిన అంకె పొగాకులో ఉన్నది కాదు, రక్తంలోకి చేరేది. రోజుకు తాగే సిగరెట్ల సంఖ్యను ఒకసారి 1తోనూ, మరోసారి 1.5తోనూ గుణించి ఆ రెండు ఫలితాలనూ రాసుకోండి. రోజుకు 12 సిగరెట్లు తాగేవారికి అది 12 నుంచి 18 మిల్లీగ్రాములు అవుతుంది.

ఐరోపాలో ఒకప్పుడు ప్యాకెట్ల మీద 0.8 అనో 0.6 అనో నికోటిన్ అంకె ముద్రించేవారు. దాన్ని గుర్తుపెట్టుకుని లెక్క కడదామనుకునేవారు ఆ ఆలోచన మానుకోవడం మంచిది. ఆ అంకెను ఇచ్చింది మనిషి కాదు, పొగను పీల్చే యంత్రం. నిమిషానికి ఒకసారి, రెండు సెకన్ల పాటు, 35 మిల్లీలీటర్ల చొప్పున అది దమ్ము లాగుతుంది. మనిషి అలా తాగడు. పైగా ఫిల్టర్ చుట్టూ ఉండే కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, చాలా బ్రాండ్లలో సూదిమొనతో గుచ్చినట్లుండే సన్నని రంధ్రాల వరుస కనిపిస్తుంది. యంత్రం దమ్ము లాగినప్పుడు ఆ రంధ్రాల గుండా బయటి గాలి చేరి పొగ పలచబడుతుంది, అంకె చిన్నదవుతుంది. మనిషి పట్టుకున్నప్పుడు అదే రంధ్రాలను వేళ్లూ పెదవులూ మూసేస్తాయి. ‘లైట్’ అనే పేరుతో అమ్ముడైన సిగరెట్ల వెనుక ఉన్న కిటుకు చాలావరకు ఇదే. ఐరోపా సమాఖ్య 2003లో ఆ పేరును నిషేధించింది, 2016 నుంచి ప్యాకెట్ల మీద ఆ అంకెలను కూడా తీసివేయించింది. అది చాలా ఆలస్యంగా జరిగిన మంచిపని అని నా అభిప్రాయం; ఆ చిన్న అంకెను నమ్మి మానకుండా ఉండిపోయినవారు ఒకరిద్దరు కారు.

సిగరెట్ల సంఖ్యను ఇటీవల తగ్గించినవారు మరో సంగతి గమనించాలి. రోజుకు ఇరవై తాగిన మనిషి ఐదారుకు దిగినప్పుడు, తనకు తెలియకుండానే ఒక్కో దమ్మును లోతుగా, ఎక్కువసేపు లాగి, పీక అంచు దాకా తాగుతాడు. అలా ఒక్క సిగరెట్ నుంచి మామూలుకు రెండు మూడు రెట్ల నికోటిన్ రాబట్టుకోవడం సాధ్యమే. అలాంటివారు 1.5కు బదులు 2తోనో 3తోనో గుణించి చూసుకుంటేనే నిజానికి దగ్గరగా ఉంటారు.

వేప్ వైపు లెక్క

ఇక్కడ మొదట చూడవలసింది సీసా లేదా పాడ్ (ద్రవం నింపి వేప్‌కు తగిలించే చిన్న గుళిక) మీది బలం, అంటే ద్రవంలో నికోటిన్ ఎంత గాఢంగా ఉందన్నది. అది రెండు రకాలుగా రాసి ఉంటుంది. ఒకటి మిల్లీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అని, రెండోది శాతంలో. 2 శాతం అంటే మిల్లీలీటరుకు సుమారు 20 మిల్లీగ్రాములు. శాతాన్ని బరువు లెక్కన ఇచ్చినప్పుడు అంకె కొంచెం మారుతుంది, ఎందుకంటే ఈ ద్రవం నీటికంటే బరువైనది. అమెరికాలో జూల్ కంపెనీ అమ్మిన 5 శాతం పాడ్ ఇందుకు మంచి ఉదాహరణ: ఆ ద్రవంలో మిల్లీలీటరుకు సుమారు 59 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండేది, పాడ్‌లో 0.7 మిల్లీలీటర్ల ద్రవం పట్టేది, అంటే పాడ్ మొత్తానికి దాదాపు 40 మిల్లీగ్రాములు. ఐరోపా సమాఖ్యలోనూ బ్రిటన్‌లోనూ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి బలం ఉండరాదు, ట్యాంకులో 2 మిల్లీలీటర్లకు మించి ద్రవం పట్టరాదు, నింపుకునే సీసా 10 మిల్లీలీటర్లకు మించరాదు. అందువల్ల ఒకే బ్రాండ్ పేరు చూసి అమెరికాలోని స్నేహితుడి లెక్కను లండన్‌లో ఉన్నవారు తమకు అన్వయించుకుంటే పొరబాటే.

రెండో అంకె, మీరు రోజుకు వాడే ద్రవం. దీన్ని ఊహించవద్దు, కొలవండి. కొత్త సీసా మూత తీసిన రోజునే దాని మీద మార్కర్ పెన్నుతో తేదీ రాయండి. అది ఖాళీ అయిన రోజున మళ్లీ తేదీ చూసి, సీసాలోని మిల్లీలీటర్లను రోజుల సంఖ్యతో భాగించండి. పాడ్‌లు వాడేవారు ఒక వారంలో ఖాళీ చేసిన పాడ్‌లన్నీ ఒక డబ్బాలో వేసి వారాంతంలో లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కరోజు లెక్కను నమ్మవద్దు, ఎందుకంటే ఆఫీసు రోజుకూ సెలవు రోజుకూ వాడకం చాలా తేడాగా ఉంటుంది. ఎన్ని దమ్ములు లాగారో లెక్కపెట్టడం కూడా పనికిరాదు; దమ్ము నిడివీ లోతూ మనిషిని బట్టి మారుతాయి, పెట్టె మీద రాసిన దమ్ముల సంఖ్య యంత్రంతో తేల్చినదే.

ఇప్పుడు బలాన్ని రోజువారీ ద్రవంతో గుణించండి. వచ్చేది మీరు వాడిన ద్రవంలోని నికోటిన్. ఇదంతా రక్తంలోకి చేరదు: కొంత పాడ్ అడుగున, ద్రవాన్ని పీల్చుకునే దూదిలో, దాన్ని వేడిచేసే కాయిల్ మీద మిగిలిపోతుంది, నోటిలోనే ఉంచుకుని వదిలేసిన ఆవిరితో కొంత బయటికి పోతుంది. అయితే ఊపిరితిత్తుల దాకా లాగిన ఆవిరిలోని నికోటిన్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా శరీరంలోనే నిలిచిపోతుందని కొలతలు చూపాయి కనుక, నష్టం సిగరెట్‌లో జరిగినంత భారీగా ఉండదు. దమ్ము లాగనప్పుడు వేప్ కాలదు, ఊరికే పోయే పొగ అనేది దానికి లేదు. అసలు తేడా అక్కడే ఉంది. ఇంట్లో కట్టుకునే అంచనాకు, ద్రవంలోని మొత్తం నికోటిన్‌ను పై హద్దుగానూ, అందులో సగాన్ని కింది హద్దుగానూ పెట్టుకోవడం సబబుగా ఉంటుంది. ఇది ప్రయోగశాల కొలత కాదు, తర్కానికి నిలిచే అంచనా మాత్రమే.

ఒక ఉదాహరణ చూద్దాం. బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్న ఒక విద్యార్థి హైదరాబాదులో ఉన్నప్పుడు రోజుకు 12 సిగరెట్లు తాగేవాడనుకుందాం. అది 12 నుంచి 18 మిల్లీగ్రాములు అని పైన తేల్చాం. ఇప్పుడు 20 బలం (మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు) గల 10 మిల్లీలీటర్ల సీసా అతనికి సరిగ్గా వారం వస్తోంది. సీసాలో 200 మిల్లీగ్రాములు, ఏడు రోజులకు భాగిస్తే రోజుకు సుమారు 28. కింది హద్దు 14. అంటే 12–18 స్థానంలో 14–28 వచ్చింది. అతడు నికోటిన్ తగ్గించుకోలేదు, కాస్త పెంచుకుని ఉండే అవకాశమే ఎక్కువ. ఈ సంగతి తెలియకపోతే, ‘సిగరెట్ మానేశాను కదా, నికోటిన్ కూడా తగ్గిపోయింది’ అని అతడు నిశ్చింతగా ఉండిపోతాడు.

ఎక్కడెక్కడ పొరబడతారు

బ్రిటన్‌లో 2025 జూన్ 1న ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకాన్ని నిషేధించేదాకా, 2 మిల్లీలీటర్ల ద్రవం, 20 బలం గల చిన్న కడ్డీలు విరివిగా అమ్ముడయ్యేవి. వాటిలో 40 మిల్లీగ్రాముల నికోటిన్ ఉండేది. ‘సిగరెట్‌లో 12 మిల్లీగ్రాములు ఉంటుంది, కాబట్టి ఇది మూడు సిగరెట్లతో సమానం’ అని వాదించేవారున్నారు. వారు పొగాకులో ఉన్నదాన్ని ద్రవంలో ఉన్నదానితో పోల్చారు. మొదటి దానిలో పదో వంతు మాత్రమే ఒంటికి చేరుతుందనీ, రెండో దానిలో సగమో అంతకంటే ఎక్కువో చేరుతుందనీ మరిచారు. మరికొందరు 40ని 1తో భాగించి నలభై సిగరెట్లని భయపెడతారు. వారు పాడ్‌లోనూ దూదిలోనూ మిగిలేదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పైన చెప్పిన పద్ధతిలో కడితే ఆ కడ్డీ దాదాపు ఒక ప్యాకెట్ సిగరెట్లకు అటూ ఇటూగా వస్తుంది.

రెండో పొరపాటు పరికరం శక్తిని మరచిపోవడం. చిన్న పాడ్ పరికరం పది, పదిహేను వాట్ల మీద పనిచేస్తే, దట్టమైన ఆవిరి వదిలే పెద్ద పరికరాలు యాభై వాట్లకు పైబడి పనిచేస్తాయి. ఒక్క దమ్ముకు అవి ఆవిరిచేసే ద్రవం ఎన్నో రెట్లు ఎక్కువ. 3 బలం గల ద్రవాన్ని పెద్ద పరికరంలో రోజుకు 10 మిల్లీలీటర్లు వాడితే ద్రవంలోని నికోటిన్ 30 మిల్లీగ్రాములు. 20 బలం గల ద్రవాన్ని చిన్న పాడ్‌లో 1.5 మిల్లీలీటర్లు వాడినా అదే 30. సీసా మీద 3 అని చూసి ‘నాది తేలికపాటిది’ అనుకునేవారు తమ ద్రవం ఖర్చును ఒక వారం కొలిచి చూసుకోవాలి.

మూడోది, వేగాన్ని విస్మరించడం. రోజు మొత్తానికి నికోటిన్ సమానమైనా, అది మెదడుకు ఎంత త్వరగా చేరుతుందనే దాని మీదే అలవాటు పట్టు ఆధారపడి ఉంటుంది. సిగరెట్ దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడును తాకుతుంది. తొలితరం ఈ-సిగరెట్లు ఈ విషయంలో చాలా వెనకబడి ఉండేవి. వాటిని వాడినవారి రక్తంలో నికోటిన్ పెద్దగా పెరగనేలేదు. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం వంటిది కలిపి తయారుచేసే నికోటిన్ సాల్ట్ ద్రవాలు వచ్చాక పరిస్థితి మారింది. ఆమ్లం కలవడం వల్ల గొంతులో మంట తగ్గి, ఎక్కువ బలం గల ద్రవాన్ని కూడా సునాయాసంగా లోతుగా పీల్చగలుగుతారు. అందుకే సాల్ట్ పాడ్ వాడేవారి రక్తంలోని నికోటిన్ పెరుగుదల సిగరెట్ పెరుగుదలకు దగ్గరగా రాగలదు. మామూలు నికోటిన్ ద్రవం వాడేవారు సాల్ట్‌కు మారేటప్పుడు పాత బలాన్నే కొనసాగించాలని చూడటం వల్ల వికారం, తలతిప్పడం, తలనొప్పి, వెక్కిళ్లు, గుండెదడ వస్తుంటాయి. ఇవి నికోటిన్ ఎక్కువైందనడానికి గుర్తులు. అక్కడితో ఆపి గాలి పీల్చుకోవాలి, వాంతులు ఆగకపోతే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

సిగరెట్‌కు ఒక ముగింపు ఉంటుంది. పది పదిహేను దమ్ములకు పీక మిగులుతుంది, దాన్ని నలిపి పారేయాలి, ఇంకొకటి వెలిగించాలంటే మళ్లీ నిర్ణయించుకోవాలి, బయటికి నడవాలి. వేప్ చేతిలోనే ఉంటుంది. చదువు బల్ల దగ్గరా, పక్క మీదా, ఫోను చూస్తూ ఒక్కో దమ్ము చొప్పున లాగుతూ పోవచ్చు. దానికి అంతమే లేదు. కొలత మొదలుపెట్టినవారిని తరచూ ఆశ్చర్యపరిచేది ఈ చిల్లర దమ్ముల మొత్తమే.

ఒంటినే అడిగి తెలుసుకోవడం

ఈ అంచనాలకంటే నమ్మకమైన దారి ఒకటి ఉంది. శరీరంలోని నికోటిన్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయం కోటినిన్ అనే పదార్థంగా మారుస్తుంది. నికోటిన్ రక్తంలో రెండు గంటలకోసారి సగం అవుతూ ఉంటే, కోటినిన్ సగం కావడానికి 16 నుంచి 18 గంటలు పడుతుంది. అందువల్ల దమ్ము ఎప్పుడు లాగారన్నదానితో పెద్దగా సంబంధం లేకుండా, కోటినిన్ స్థాయి గత రెండు మూడు రోజుల వాడకాన్ని చూపుతుంది. రక్తంలో మిల్లీలీటరుకు ఇన్ని నానోగ్రాములు అని వచ్చిన అంకెను 0.08తో గుణిస్తే, రోజుకు ఒంటికి చేరిన నికోటిన్ మిల్లీగ్రాముల్లో సుమారుగా తేలుతుంది. 250 వస్తే రోజుకు 20 మిల్లీగ్రాములన్నమాట. రోజూ సిగరెట్లు తాగేవారిలో 200 నుంచి 300 దాకా రావడం మామూలే.

ఈ పరీక్ష సిగరెట్‌నూ వేప్‌నూ వేరుచేసి చెప్పదు. నమిలే నికోటిన్ గమ్, చర్మం మీద అంటించుకునే నికోటిన్ ప్యాచ్, ఖైనీ, జర్దా అన్నీ అందులో కలిసే వస్తాయి. నికోటిన్‌ను విరిచే ఎంజైమ్ కొందరిలో చురుకుగా, కొందరిలో మందకొడిగా పనిచేస్తుంది. గర్భిణుల్లో ఆ పని వేగంగా జరుగుతుంది. అందుకే ఇద్దరి అంకెలను ఒకదానితో ఒకటి పోల్చడం కంటే, ఒకే మనిషి మారకముందూ మారిన తరువాతా పరీక్ష చేయించుకోవడం ఎక్కువ ఉపయోగం. ఇక రెండూ వాడుతూ సిగరెట్లు ఎంత తగ్గాయో తెలుసుకోవాలంటే ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కొలిచే చిన్న పరికరం చాలు. అది కాలిన పొగను మాత్రమే పట్టిస్తుంది, వేప్‌ను పట్టించుకోదు. బ్రిటన్‌లో పొగ మాన్పించే కేంద్రాల్లో దీన్ని మామూలుగా వాడతారు.

డబ్బు ఖర్చు లేకుండా చూసుకోగల మరో గుర్తు కూడా ఉంది. ఉదయం నిద్ర లేచాక మొదటి దమ్ముకు ఎన్ని నిమిషాలు ఆగగలుగుతున్నారో రాసుకోండి. ఐదు నిమిషాలైనా ఆగలేనివారు నికోటిన్‌కు గాఢంగా లోబడి ఉన్నారు. సిగరెట్ రోజుల్లో అరగంట ఆగిన మనిషి ఇప్పుడు దిండు కింద నుంచే వేప్ తీస్తున్నాడంటే, మిల్లీగ్రాముల లెక్క ఏం చెప్పినా బానిసత్వం పెరిగిందనే అర్థం.

లెక్కను పట్టుకుని దిగడం

బలం తగ్గించడం ఒక్కటే దిగడం కాదు. 20 నుంచి 10కి దిగి, వాడే ద్రవాన్ని రెట్టింపు చేసుకుంటే రోజు మొత్తం అక్కడే ఉంటుంది. ఇలా జరగడం బలహీనత కాదు, నికోటిన్ స్థాయిని నిలుపుకోవడానికి శరీరం చేసే సహజమైన ప్రయత్నం. అందుకే ప్రతి దిగింపు తరువాత రెండు వారాలపాటు ద్రవం ఖర్చును సీసా తేదీలతో కొలవండి. ఖర్చు నిలకడగా ఉంటే తరువాతి మెట్టు దిగండి. పెరిగితే అక్కడే ఆగండి. చిరాకు, విపరీతమైన ఆకలి, నిద్ర పట్టకపోవడం, యావ తట్టుకోలేనంతగా ఉంటే మెట్టు మరీ పెద్దదైందని గ్రహించి మధ్యలో ఇంకొక బలాన్ని ఎంచుకోండి. రెండూ వాడేవారు ముందుగా సిగరెట్లను పూర్తిగా ఆపి, తరువాతే వేప్ బలాన్ని తగ్గించాలి. రెండింటినీ ఒకేసారి తగ్గించబోయినవారు ఎక్కువగా సిగరెట్‌కే తిరిగి వెళ్తారు, అక్కడ జరిగే నష్టం చాలా పెద్దది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే 20 బలం గల 10 మిల్లీలీటర్ల సీసాలో 200 మిల్లీగ్రాముల నికోటిన్ ఉందని మరవకండి. అది పసిపిల్లల ప్రాణం తీయగలదు. పిల్లలు తీయలేని మూతలనే వాడాలని అమెరికాలో 2016లో చట్టమే వచ్చింది. సీసాను ఎత్తులో, తాళం వేసిన చోట ఉంచండి. చేతి మీద ఒలికితే వెంటనే కడుక్కోండి.

ఇండియాలో ఉన్నవారికీ, ఇండియాకు వచ్చేవారికీ

2019 నాటి చట్టం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలను నిషేధించింది. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు వేప్‌ను సామానులో పెట్టుకుని రాకూడదు. అలా వచ్చినప్పుడు నాలుగు రోజులు ఆగలేక మళ్లీ సిగరెట్ ముట్టుకునే ప్రమాదం నిజంగానే ఉంది కనుక, బయలుదేరే ముందే గమ్, ప్యాచ్‌లు ఏర్పాటు చేసుకోవాలి. మీ రోజువారీ అంచనా అక్కడ పనికొస్తుంది. రోజుకు పది సిగరెట్లకు పైగా తాగేవారికి సాధారణంగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో మొదలుపెడతారు. 2 మిల్లీగ్రాముల గమ్ నుంచి ఒంటికి చేరేది దాదాపు సగమే, అంటే సుమారు ఒక సిగరెట్‌కు సమానం. కాని అది చేరడానికి అరగంట పడుతుంది. చూయింగ్ గమ్‌లా ఎడతెగకుండా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి వృథా అవుతుంది, వెక్కిళ్లు వస్తాయి. నెమ్మదిగా నమిలి, నోటిలో చురుక్కుమనగానే దవడకూ బుగ్గకూ మధ్య ఉంచి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ, కూల్ డ్రింకులు తాగిన వెంటనే నమిలితే నోటిలో పులుపు వల్ల నికోటిన్ సరిగా ఇంకదు, పావుగంట ఆగాలి.

బీడీ, చుట్ట తాగేవారు తమది సిగరెట్‌కంటే తేలికైనదని అనుకోవడానికి ఆధారం లేదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ గట్టిగా లాగాలి, అందువల్ల పొగాకు తక్కువే ఉన్నా ఒంటికి చేరే నికోటిన్ సిగరెట్‌కు తీసిపోదు. కాబట్టి ప్యాచ్ లెక్క కట్టేటప్పుడు ఒక బీడీని ఒక సిగరెట్‌గానే రాసుకోవాలి. గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు, పద్దెనిమిదేళ్లలోపువారు సొంతంగా మోతాదు నిర్ణయించుకోకుండా, ఈ అంచనాలు రాసుకున్న కాగితాన్ని వైద్యుడికి చూపాలి. ఎవరిని అడగాలో తెలియనివారు 1800-11-2356 అనే జాతీయ పొగాకు క్విట్‌లైన్‌కు (మానడానికి సాయపడే ఫోన్ సేవకు) ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అమెరికాలో ఉన్నవారికి 1-800-784-8669 ఉంది. ఫోన్ చేసే ముందు రోజుకు ఎన్ని సిగరెట్లు లేదా ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత బలం, పొద్దున్నే మొదటి దమ్ముకు ఎన్ని నిమిషాలు అనే మూడు అంకెలను ఎదురుగా పెట్టుకుంటే అవతలివారు సరైన మోతాదు సూచించగలుగుతారు.